నూట పద్నాలుగో నంబరు సైకిలు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. బెల్లులు యాభై ఎనిమిది. తాళాలు పంతొమ్మిది. సైకిలు ఉన్నచోటే ఉండగా దానికి వేసిన తాళం ఒక్కటే ఎట్లా పోతుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. జత విడిపోయిన పెడళ్లు తొమ్మిది. సీటు కవర్లలో ఎలుకలు తిన్నవి కొన్ని, మనుషులు పట్టుకుపోయినవి కొన్ని. ఎవరివాటా ఎంతో తేల్చలేకపోయాను. హ్యాండిలుకు కట్టిన పసిపిల్లల చెక్కకుర్చీ ఒకటి. గాలి మాత్రం అన్నిటిలోనుంచీ పోయింది.

ఇదంతా నా కాపలాలో ఉన్న నూట అరవై మూడు సైకిళ్ల నుంచి పోయిన సామాను. సైకిళ్లు ఎట్లా పోయాయన్నది వేరే సంగతి. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లు మీరు. మీ చేతికి కూడా ఏదో ఒక రోజు ఎవరిదో వస్తువు అప్పగిస్తారు, అందుకని మీకు చెబుతున్నాను.

నేను ఏడో తరగతి దాటలేదు. లెక్క నేర్చుకున్నది బోధన్ వైపు ఒక చక్కెర మిల్లు చెరకు కాటా దగ్గర. నిండుబండి తూకంలోంచి ఖాళీబండి తూకం తీసి, ఆకూ అలమూ కింద కొంత కోసి, మిగిలింది రైతు ముఖం చూస్తూ నోటితో చెప్పాలి. తప్పు చెబితే రైతు ఊరుకోడు, ఒప్పు చెప్పినా ఊరుకోడు. మిల్లు మూతపడ్డాక నిజామాబాద్ వచ్చి బస్టాండు దగ్గర సైకిల్ స్టాండులో రోజుకూలికి కుదిరాను. అప్పటికి మా ఆవిడ పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. ఒక గది, ఒక పొయ్యి, కాటా రోజుల్లో కొనుక్కున్న ఒక నల్ల సైకిలు.

మొదటి లాక్‌డౌన్ వచ్చింది. స్టాండు మూసేశారు. నెల దాటాక, మా స్టాండులో స్కూటర్ పెట్టే ఒక ఆఫీసు సారు ఫోన్ చేశాడు.

"ఇంట్ల ఎవరెవరుంటరు నీకు?"

"ఎవ్వరు లేరు సార్. నేనొక్కన్నే."

"అట్లయితే నువ్వే కావాలె."

నాకు ఆ ఉద్యోగం వచ్చిన అర్హత అది. మిగతావాళ్లందరికీ ఇంట్లో ముసలివాళ్లో పసివాళ్లో ఉన్నారు, రోగం అంటించుకుని పోతామని భయం. నా నుంచి అంటించుకోవడానికి ఎవరూ లేరు.

డిచ్‌పల్లి దాటాక రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాలు. పెళ్లిళ్లు ఆగిపోయాయి కనుక ఖాళీగా ఉంది. హైదరాబాద్ నుంచి ఉత్తరాదికి నడిచి, సైకిళ్లు తొక్కి పోతున్న కూలీలను అక్కడ ఆపి, అన్నం పెట్టి, జ్వరం చూసి, బస్సుల్లో ఎక్కించి సరిహద్దు దాటించేవారు. మనుషులు బస్సెక్కుతారు, సైకిళ్లు ఎక్కవు. వాటిని రాసిపెట్టుకుని, వాళ్లు తిరిగి వచ్చినప్పుడు అప్పగించడం నా పని.

పని ఎట్లా చేయాలో ఎవరూ చెప్పలేదు. కాటా దగ్గర నేర్చుకున్నదే చేశాను. వంటవాళ్లు పారేసిన నూనె డబ్బాలు కత్తిరించి చిన్న చిన్న రేకుముక్కలు చేసి, మేకుతో ఒక్కొక్క నంబరు రెండేసి ముక్కల మీద పొడిచేవాణ్ణి. ఒకటి సైకిలు హ్యాండిలుకు, ఒకటి మనిషి చేతికి. రెండు రేకులూ కలిస్తేనే సైకిలు కదలాలి. ఆ నియమం పెట్టింది నేనే. సారు చాలా మెచ్చుకున్నాడు.

రేకు ఊడిపోతే ఎట్లా అని ఫ్రేము నంబరు కూడా రాసుకునేవాణ్ణి. ఆ నంబరు పెడళ్ల ఇరుసు కింద కొట్టి ఉంటుంది. అన్నేళ్ల మట్టి, నూనె కలిసి గట్టిపడి అంకెలు కనబడవు. సైకిలును తలకిందులు చేసి, గీకి, ఇంత పసుపు అద్ది బొటనవేలితో రుద్దితే పసుపు గుంటల్లో దిగి అంకెలు పైకి తేలతాయి. అది పసుపు ఇళ్లకు చేరిన కాలం, మా జిల్లాలో పసుపుకు కరువా? హాలు ఊడ్చే అక్క డిచ్‌పల్లి నుంచి రోజూ ఒక పొట్లం తెచ్చి ఇచ్చేది. ఆమె చర్చిలో పాటలు పాడే మనిషి, ఊడుస్తూ కూడా పాడేది. నేను పసుపు రుద్దుతుంటే చీపురు ఆపి అనేది.

"ఏందన్నా, గన్ని సైకిళ్లకు పసుపు రాస్తున్నవు! పిల్లలు కుదిరిండ్రా, పెండ్లి ఎప్పుడు?"

"హాలు ఖాళీగనే ఉన్నది గదక్కా. ముహూర్తం నువ్వే పెట్టు."

"మా పాస్టరయ్య ముహూర్తాలు పెట్టడన్నా. ఆదివారం తీస్కరా అంటడు."

రెండో వారంలో ఒకరోజు పొద్దున ఒక మనిషి బస్సు ఎక్కనని మొండికేశాడు. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. హైదరాబాద్‌లో ఇళ్ల బండలకు పాలిష్ పట్టేవాడట. వేళ్ల గోళ్లలో తెల్లపొడి ఇంకా పోలేదు. హిందీ, తెలుగు కలిపి మాట్లాడుతున్నాడు. సైకిలు క్యారియర్‌ను రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"సాబ్, ఇది నాది. చోరీది కాదు. బిల్లు ఉంది."

సీటు కింద తీగతో కట్టిన ప్లాస్టిక్ కవరు విప్పి మడతలుపడ్డ బిల్లు తీశాడు. అందులో అతని పేరు, హైదరాబాద్‌లో ఏదో బస్తీలో గది చిరునామా. ఊరు వచ్చిన కొత్తలో పోలీసులు మూడుసార్లు ఆపి "ఎవరిదిరా సైకిలు?" అన్నారట. అప్పటి నుంచి బిల్లును సీటు కిందే కట్టుకుని తిరుగుతున్నాడు. రేషన్ కార్డు లేదు, కరెంటు బిల్లు ఇల్లుగలాయన పేరు మీద. ఆ మహానగరంలో అతని పేరు రాసి ఉన్న కాగితం అదొక్కటే.

"ఇది ఇచ్చి పోతే, నేను అక్కడ ఉన్నట్టు ఎవరు చెప్తారు?" అన్నాడు.

నేను సైకిలు తలకిందులు చేసి, గీకి, పసుపు రుద్దాను. అతను పక్కనే గొంతుక్కూర్చుని చూశాడు. అంకెలు ఒక్కొక్కటే తేలాయి. బిల్లు మీది నంబరుతో కలిపి చూశాను. చివరి అంకె దాకా కలిసింది. అప్పటిదాకా వచ్చిన నూట పదమూడు సైకిళ్లలో బిల్లు ఉన్నది ఒక్కటీ లేదు. నాకు ఎంత తృప్తి కలిగిందో చెప్పలేను. లెక్క కలిసినప్పుడు కలిగే తృప్తి అది, మనిషికి సంబంధించింది కాదు. కానీ అతను నా ముఖంలో దాన్ని చూసి, అది తనమీద నమ్మకం అనుకున్నాడు. క్యారియర్ మీది చేతులు తీశాడు.

"మున్షీజీ, మీరు చూసుకుంటారా?"

"చూసుకుంట. రేకు పోగొట్టుకోకు. నెలకోసారి ఫోన్ చెయ్యి."

రేకు ఇచ్చాను, బిల్లు తీసుకుని రిజిస్టరులో పిన్ను కొట్టాను. బస్సు హారన్ కొడుతోంది, పరుగెత్తి ఎక్కాడు. బస్సు కనుమరుగయ్యాక చూసుకుంటే బిల్లు నా దగ్గరే ఉంది. కాటా దగ్గర రైతు ఇచ్చిన కోత చిట్టీ తీసుకుని టోకెన్ ఇవ్వడం ఇరవై ఏళ్ల అలవాటు, చెయ్యి దాని పని అది చేసేసింది. ఇక్కడ రాసుకోవాల్సింది నంబరే, బిల్లు అతని చేతిలోనే ఉండాల్సింది.

వారం తర్వాత అతనే ఫోన్ చేశాడు. "బిల్లు మీ దగ్గరుందా? మంచిది, సైకిల్‌తోనే ఉండనీ. రెండు ఒక్క దగ్గర ఉంటాయి," అన్నాడు.

మూడు వారాలకు క్యాంపు ఎత్తేశారు. సైకిళ్లను నిజామాబాద్ శివారులో ఒక పాత గోదాములోకి చేర్చారు. స్టాండు తెరిచినా నన్ను గోదాము మీదే ఉంచారు. అక్కకూ అక్కడే ఊడ్చే పని దొరికింది. రోజూ తాళం తీసి, లెక్కపెట్టి, మళ్లీ తాళం వేయడం. మధ్యలో గాలి కొట్టడం. అన్నిటికీ కొట్టడం ఒక మనిషి వల్ల కాదు. అందుకని ఎవరు ఫోన్ చేస్తారో వాళ్ల సైకిలుకు కొట్టేవాణ్ణి. మొదటి నెల నలభై సైకిళ్లకు కొట్టాను. దీపావళి నాటికి పదకొండు. మరుసటి ఉగాదికి ఒక్కటే.

మిగతావాళ్లకు నేనే ఫోన్ చేసి చూశాను. ఫోన్ ఉన్నవాడు గుంపుకొక్కడు. ఒక్క నంబరు మీద తొమ్మిది సైకిళ్లు రాసుకున్నవి కూడా ఉన్నాయి. రీచార్జి చేయక ఆ నంబరు ఆగిపోతే తొమ్మిదీ ఆగిపోయినట్టే. పట్నం తిరిగి వచ్చి రేకు చూపించి తీసుకుపోయినవాళ్లు ఇరవై రెండు మంది. వాళ్లిచ్చిన రేకులు తీగకు గుచ్చి గోడకు వేలాడదీశాను.

ఆ నూట పద్నాలుగో నంబరు మనిషి మాత్రం నెల తప్పేవాడు కాదు.

"మున్షీజీ, నా గాడీ ఎట్లుంది?"

"మంచిగున్నది. నిన్ననే చైనుకు నూనె పెట్టిన."

"వాన పడుతుందా మీద?"

"లేదు, లోపటి మూలకు పెట్టిన."

"మీరు అన్నం తిన్నారా?"

తిన్నానని చెప్పేవాణ్ణి. కొన్నిసార్లు చెప్పాక వండుకునేవాణ్ణి. ఆ రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో గ్యాసు వాళ్లది పోతే మిగిలింది అతనిదే. తండ్రికి బాగాలేదని ఒకసారి, కోతలని ఒకసారి రావడం వాయిదా వేశాడు. రెండున్నరేళ్లు నిండడానికి ఇంకో నెల ఉందనగా చెప్పాడు. "దసరా పోయినాక మంగళవారం బండికి వస్తున్నా. మీ దగ్గర దిగి, సైకిల్ తీసుకుని హైదరాబాద్ పోతా. పాత సేఠ్ పని ఇస్తా అన్నాడు."

అదే వారం గోదాము ఖాళీ చేయాలని కాగితం వచ్చింది. మిగిలిన సైకిళ్లు తుక్కు కింద వేలం. పాట ముగిసింది. లారీ శుక్రవారం వస్తుందన్నారు. మంగళవారానికి ముందు శుక్రవారం.

సారు దగ్గరికి పోయాను. చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"సార్, ఒక్కటి ఆపుదాం. నూట పద్నాలుగు. మనిషి మంగళవారం వస్తున్నడు."

"వచ్చెటోడు రెండేండ్లు ఏం చేసిండు?"

"వాళ్ల బాపుకు బాగలేకుండె సార్. నెలనెల ఫోన్ చేస్తడు. బిల్లు గూడ ఉన్నది."

సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నూట నలబై ఒకటి ఉన్నయని పైకి రాసిన. లారీల నూట నలబై ఒకటి ఎక్కాలె. ఒకటి తక్కువైతే రేపు ఆడిట్ల నిన్ను అడుగరు, నన్ను అడుగుతరు."

"ఆయనకు అప్పజెప్పినమని రాద్దాం సార్."

"రేకు ఏది?"

రేకు ఎక్కడో బీహారు సరిహద్దులో అతని ఇంట్లో ఉంది.

"రెండు రేకులు కలిస్తెనే కదలాలె అని రూలు పెట్టింది ఎవరు? నువ్వే గదా. నేనే మెచ్చుకుంటి." నవ్వాడు గాని ఆ నవ్వు అతనికీ బాగా అనిపించలేదు. "పో. శుక్రవారం పొద్దుగాల్ల తాళం తియ్యి."

శుక్రవారం లారీ వచ్చింది. తుక్కు వ్యాపారి మనుషులు ఇద్దరు పైన, ఇద్దరు కింద. సైకిలును చక్రం పట్టుకుని విసిరితే పైనవాళ్లు అందుకుంటున్నారు. నేను గడప దగ్గర నిలబడి లెక్కపెడుతున్నాను. సారు చెట్టుకింద స్కూటర్ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. చెక్కకుర్చీ ఊడిన సైకిలు పోయింది. ఒకే ఫోన్ నంబరు మీది తొమ్మిదీ వరసగా పోయాయి. నూట పద్నాలుగును ముందే లోపలి మూల నుంచి తీసి గోదాము వెనక గోడకు ఆనించి పెట్టాను. అప్పటికింకా ఏం చేయాలో నిర్ణయించుకోలేదు.

"నూట నలబై," అన్నాను.

"ఇంకోటేది పెద్దాయనా?" అని కిందివాడు లోపలికి తొంగిచూశాడు. గోదాము ఖాళీ.

నా సైకిలు గడప పక్కనే స్టాండు వేసి ఉంది. పొద్దున దాని మీదే వచ్చాను. కాటాలో చేరిన రెండో ఏడాది కొన్నది. మా ఆవిడ ముందు కమ్మీ మీద కూర్చోవడానికి సిగ్గుపడి, ఎప్పుడూ వెనకే కూర్చునేది. దాన్ని నడిపించుకుని పోయి వాడి చేతికి ఇచ్చాను.

వాడు బ్రేకు నొక్కి చూశాడు. "గిది మంచిగున్నది గదా! తుక్కుల ఏస్తరా గిసొంటిది?"

"ఎక్కియ్యి."

అక్క చీపురు పడేసి వచ్చింది. "అన్నా! గది నీ సైకిల్ గాదె? పిచ్చిలేసిందా నీకు?"

"మెల్లగ అక్కా. లెక్క సరిపోవాలె గదా."

ఆమె స్కూటర్ మీద కూర్చున్న సారు వైపు చూసింది, నావైపు చూసింది, పోయి చీపురు తీసుకుంది. సారు వచ్చి కాగితం మీద సంతకం పెట్టాడు. "సరిపోయిందా?" అన్నాడు, కాగితంలోంచి తల ఎత్తకుండా.

"సరిపోయింది సార్. నూట నలబై ఒకటి."

నేను రోజూ వచ్చే సైకిలును అతను రెండేళ్లుగా చూస్తూనే ఉన్నాడు. గడప పక్కన అది లేదని గమనించలేదో, గమనించి ఊరుకున్నాడో నేను అడగలేదు. రిజిస్టరు మూసి ఇచ్చేశాను. పిన్ను తీసి బిల్లు మాత్రం జేబులో పెట్టుకున్నాను.

సాయంత్రం నూట పద్నాలుగును నడిపించుకుంటూ ఇంటికి బయలుదేరాను. గాలి ఉంది, బ్రేకులున్నాయి. ఎక్కి తొక్కవచ్చు. ఎక్కలేదు. నాది కాదు. దారిలో ఒక కుర్రవాడు బండి ఆపి, "పంచరైందా కాకా? ముందట షాపున్నది," అన్నాడు.

"పంచర్ గాలేదు బిడ్డా."

"మరెందుకు నడిపిస్తున్నవ్?"

చెప్పడానికి చాలా ఉంది, వినడానికి అతనికి అంత సేపు లేదు.

మంగళవారం స్టేషన్‌కు తీసుకుపోయాను. బండి వచ్చింది, జనం దిగారు, ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. బుధవారం పోయాను. గురువారం కూడా పోయాను. వాళ్ల ఊరికి కార్డు రాద్దామంటే నాకు గుర్తున్నది నేను చెవితో విని రిజిస్టరులో రాసిన ఊరి పేరు. అయినా రాశాను, అలాంటి ఊరు లేదని తిరిగి వచ్చింది. కొన్ని నెలలకు మళ్లీ చేస్తే ఆ ఫోన్ మోగింది. ఎత్తింది ఒక ఆడపిల్ల, తెలుగే మాట్లాడింది.

"ఇది కొత్త సిమ్ అంకుల్. మాది వరంగల్. మీకెవరు కావాలి?"

"సైకిల్ ఆయన, బిడ్డా."

"రాంగ్ నంబర్ అంకుల్." పెట్టేయబోయి ఆగింది. "దొరుకుతారులెండి," అంది. ఆ తర్వాత ఆ నంబరుకు మళ్లీ చేయలేదు.

గోదాము పని అంతటితో అయిపోయింది. స్టాండులో నా జాగాలో వేరేవాళ్లు కుదిరారు. నేనూ అడగలేదు. ఇప్పుడు రెండు కొట్ల లెక్కలు ఇంటి దగ్గరే రాసిస్తాను. కూరగాయలకు నడిచే పోతాను. సైకిలు గదిలో మంచం పక్కన ఉంటుంది. వారానికొకసారి తుడిచి గాలి కొడతాను. టైర్లు ఎండిపోతే ఒకసారి మార్పించాను.

పోయిన చలికాలం తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే ఒక యువకుడు, భుజాన సంచి. గోదాము దగ్గర టీ కొట్టువాడు నా గది చెప్పి పంపాడట. సంచి పక్కజేబులోంచి రేకు తీసి నా అరచేతిలో పెట్టాడు. మేకుతో పొడిచిన అంకెలు, నా చేతిరాతే. ముప్పై ఏడు.

"హైదరాబాద్ పోతున్నా చాచా. దారిలో సైకిల్ తీసుకుందామని."

కూర్చోబెట్టి, టీ పెట్టి, జరిగింది చెప్పాను. లారీ సంగతి, తుక్కు సంగతి. అతను వింటూ మంచం పక్కన ఉన్న సైకిలు వైపు చూశాడు. తళతళలాడుతోంది. హ్యాండిలుకు రేకు వేలాడుతోంది. ఆ చూపు నాకు అర్థమైంది. ఇచ్చేయవచ్చు. ఇతను వచ్చాడు, అతను రాలేదు. ఇతని చేతిలో రేకు ఉంది, అతని జాడే లేదు. గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది.

"మరి అది?" అన్నాడు.

"అది నూట పద్నాలుగు."

అతను లేచి వంగి రేకు మీది అంకెలు చదువుకున్నాడు. తన రేకు పక్కన పెట్టి చూసుకున్నాడు. "సరే చాచా. ఆయనది ఆయనకే ఉండాలి," అన్నాడు. కొంత డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. రేకు నా దగ్గర వదిలి పొమ్మంటే దానికీ ఒప్పుకోలేదు.

"సైకిల్ ఇస్తేనే కదా రేకు ఇవ్వాలి? మీరే చెప్పారు ఆరోజు," అని జేబులో వేసుకున్నాడు. కోపంగా అనలేదు. బస్టాండు ఎటో అడిగి వెళ్లిపోయాడు.

మొన్న అక్క చూడడానికి వచ్చి, సైకిలు తుడుస్తున్న నన్ను చూసి, "పోనీలే అన్నా, నీకు ఇంకొక్కటే గదా బాకీ," అంది. అట్లా అయితే బాగానే ఉండేది. ఆఫీసు కాగితాల్లో బాకీ సున్నా. అక్క లెక్కలో ఒకటి. కానీ నేను రేకులు పొడిచి ఇచ్చింది నూట అరవై మూడు మందికి. తిరిగి నా తీగకు చేరినవి ఇరవై రెండు. మిగతావి ఎక్కడెక్కడి ఇళ్లలోనో గోడ మేకులకు, పెట్టెల అడుగున, జేబుల్లో ఉన్నాయి. ఎవరు తీసి చూపించినా అది నా చేతిరాతే. ఇవ్వాల్సిన సైకిళ్లు, ఈ రోజుకు, నూట నలభై ఒకటి.